చిత్తూరుకు పుత్తూరు జత: మాటల చివరలను కలిపే ఒక ప్రోగ్రాం కథ

తిరుపతిలో ఇంజినీరింగ్ విద్యార్థులకు సాయంత్రం పూట ప్రోగ్రామింగ్ చెప్పడం నా వృత్తి. నిరుడు బడులు తెరవడానికి కొద్ది రోజుల ముందు, చంద్రగిరి దగ్గరి ఒక బడిలో తెలుగు చెప్పే ఉపాధ్యాయురాలు నా దగ్గరికి ఒక ఆట పట్టుకుని వచ్చారు. తరగతిలో ప్రతి బిడ్డకూ ఒక ఊరి పేరు రాసిన అట్టముక్క ఇస్తారు. తన ఊరి పేరు చివర ఎవరి ఊరి పేరు చివరతో కలుస్తుందో చూసుకుని బిడ్డలు ఇద్దరిద్దరుగా జతకట్టాలి, జతకట్టిన ఇద్దరూ తమ పేర్లు ఏ ముగింపు దగ్గర కలిశాయో గట్టిగా పలకాలి. ఒక జత పలికిన ముగింపును మరో జత పలకకూడదు. ఇచ్చిన పేర్లతో అత్యధికంగా ఎంతమందికి జత కుదురుతుందో, ఆ జతలు ఏవో ముందే తెలిస్తే పేర్ల ఎంపిక సులువవుతుందని ఆమె ఆలోచన.

ఆట వినగానే నాకు గూగుల్ నడిపిన ప్రోగ్రామింగ్ పోటీ కోడ్ జామ్ గుర్తుకొచ్చింది. ఆ పోటీ 2023తో ఆగిపోయింది కానీ, 2019లో దాని రౌండ్ 1ఏలో ఇచ్చిన ‘ఏలియన్ రైమ్’ అనే ప్రశ్నను నేను ఇప్పటికీ తరగతిలో చెబుతుంటాను. అందులో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కొన్ని మాటలు ఇస్తారు. ఒక్కో మాటలో ఊనిక, అంటే నొక్కి పలకడం, ఏ అక్షరం మీద పడాలో మనమే నిర్ణయించవచ్చు. ఊనిక పడిన అక్షరం నుంచి చివరిదాకా ఒకే విధంగా ఉన్న రెండు మాటలకు ప్రాస కుదిరినట్టు లెక్క. ఎంచుకున్న ప్రతి మాటకూ సరిగ్గా మరొక్క మాటతోనే ప్రాస కుదరాలి. అలా గరిష్ఠంగా ఎన్ని మాటలను ఎంచుకోగలమో చెప్పాలి. చిన్న పరీక్షలో 6 మాటల దాకా, పెద్ద పరీక్షలో 1000 మాటల దాకా ఉంటాయి. ఒక్కో మాట పొడవు 50 అక్షరాలకు మించదు. ‘సరిగ్గా మరొక్క మాటతోనే’ అన్న షరతులోనే ఒక ముగింపుకు ఒకే జత అన్న నియమం దాగి ఉంది. చివరి అక్షరం తప్ప మరేదీ కలవని నాలుగు రెండక్షరాల మాటలు ఇస్తే జవాబు 4 కాదు, 2. ఎందుకంటే అక్కడ ఉన్న ముగింపు ఒక్కటే.

ఉపాధ్యాయురాలు తెచ్చిన మొదటి జాబితాలో 18 పేర్లు ఉన్నాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఊర్లకు తోడు, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు వైపు నుంచి వచ్చి కలిసిన మూడు ఊర్ల పేర్లు కూడా ఆమె చేర్చారు. అవి ఇవి: గూడూరు, చిత్తూరు, పిచ్చాటూరు, పుంగనూరు, పుత్తూరు, పెనుమూరు, పలమనేరు, ఏర్పేడు, సత్యవేడు, తొట్టంబేడు, మదనపల్లె, చౌడేపల్లె, తవణంపల్లె, తంబళ్లపల్లె, నాయుడుపేట, సూళ్లూరుపేట, వడమాలపేట, రేణిగుంట. మన వైపు ఊర్ల పేర్లు ఊరు, పల్లె, పేట, వేడు వంటి కొద్దిపాటి తోకలతోనే ముగుస్తాయి కాబట్టి ఈ ప్రశ్నకు ఇంతకంటే తగిన సామగ్రి దొరకదు.

ఎక్కడ జతకట్టాలి

ఈ ప్రశ్నను నా విద్యార్థుల ముందు పెట్టినప్పుడు ఎక్కువమంది చేసిన మొదటి ప్రయత్నం ఒక్కటే. జాబితాను అకారాది క్రమంలో పెట్టి, పొట్టి ముగింపు నుంచి మొదలుపెట్టి, ఆ ముగింపు ఉన్న మొదటి రెండు పేర్లను జత చేసి, తర్వాత అంతకంటే పొడవైన ముగింపుకు వెళ్లారు. దీని ఫలితం ‘ఊరు’తో ముగిసే ఆరు పేర్ల మీద చూద్దాం. ‘రు’ అనే ముగింపు దగ్గర గూడూరు, చిత్తూరు జతకడతాయి. ‘ఊరు’ దగ్గర పిచ్చాటూరు, పుంగనూరు జతకడతాయి. ఇక మిగిలినవి పుత్తూరు, పెనుమూరు. పుత్తూరుతో ‘త్తూరు’ దాకా కలవగలిగిన ఒకే ఒక్క పేరు చిత్తూరు. అది అప్పటికే గూడూరుతో వెళ్లిపోయింది. ఆరింటిలో నాలుగు పేర్లకే జత దొరికింది.

అదే పనిని పొడవైన ముగింపు నుంచి మొదలుపెడితే, ‘త్తూరు’ దగ్గర చిత్తూరు, పుత్తూరు కలుస్తాయి. మిగిలిన నాలుగింటిలో రెండు ‘ఊరు’ దగ్గర, చివరి రెండు ‘రు’ దగ్గర కలుస్తాయి. ఆరూ కుదిరాయి. పొట్టి ముగింపు ఎవరికైనా పనికొస్తుంది, పొడవైన ముగింపు కొందరికే పనికొస్తుంది. కొందరికే పనికొచ్చేదాన్ని ముందు వాడుకుని, అందరికీ పనికొచ్చేదాన్ని చివరిదాకా దాచుకోవాలి. ఇది వినడానికి సహజంగానే ఉంది. కానీ ఏ అడుగుకు ఆ అడుగు మేలుగా తోచినదాన్ని తీసుకుంటూ పోయే ఇలాంటి ‘ఆశపోతు’ (గ్రీడీ) పద్ధతులు ప్రోగ్రామింగ్‌లో తరచు తప్పుతాయి కాబట్టి, నిరూపణ లేకుండా దీన్ని ఒప్పుకోవద్దని నేను పట్టుబడతాను.

నిరూపణకు ముందు డేటా అమరిక చెప్పాలి. ప్రతి పేరునూ వెనుక నుంచి ముందుకు చదువుతూ ఒక చెట్టులో చేరుస్తాం. దీన్ని ట్రై అంటారు. చెట్టు మొదలును రూట్ అంటారు, దాన్ని అన్నిటికంటే పైన గీస్తాం. ఒకే ముగింపు ఉన్న పేర్లన్నీ రూట్ నుంచి ఆ ముగింపు పొడవునా ఒకే దారిలో నడిచి, విడిపోయే చోట కొమ్మలుగా చీలుతాయి. అంటే చెట్టులోని ప్రతి నోడూ, అంటే ప్రతి కణుపూ, ఒక ముగింపే. ఒక నోడ్ కింద ఎన్ని పేర్లు ఉన్నాయో అన్ని పేర్లకు ఆ ముగింపు ఉమ్మడి. ఇప్పుడు కొమ్మల చివరి నోడ్‌లైన ఆకుల వైపు నుంచి రూట్ వైపుకు వస్తూ, ప్రతి నోడ్ దగ్గర కింది కొమ్మల నుంచి జతలేకుండా మిగిలి వచ్చిన పేర్లను, సరిగ్గా ఆ నోడ్ దగ్గరే పూర్తయ్యే పేరు ఉంటే దాన్ని కూడా కలిపి లెక్కిస్తాం. ఆ మొత్తం రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఒక్క జతను తీసి, మిగిలినవాటిని పైకి పంపుతాం. అంతే పద్ధతి.

ఇది ఎప్పుడూ గరిష్ఠ ఫలితాన్నే ఎందుకు ఇస్తుంది? ఒక నోడ్‌ను తీసుకుందాం. దాని కింద జతలేకుండా రెండు పేర్లు వచ్చి ఉన్నాయి, కానీ ఎవరో తెచ్చిన ఒక ఉత్తమ పరిష్కారంలో ఈ నోడ్ ముగింపును ఎవరూ వాడుకోలేదు అనుకుందాం. ఆ రెండు పేర్లూ ఆ పరిష్కారంలో ఒంటరిగానే ఉంటే, వాటిని ఇక్కడే జత చేస్తే ఫలితం పెరుగుతుంది. అంటే అది ఉత్తమ పరిష్కారం కానే కాదు. రెండూ ఒకదానితో ఒకటి పై నోడ్‌లో ఎక్కడో జతకట్టి ఉంటే ఆ జతను ఇక్కడికి దించవచ్చు. ఒకటి ఒంటరిగా ఉండి, రెండోది పైన మరో పేరుతో కలిసి ఉంటే, మన రెండింటినీ ఇక్కడ కలిపి ఆ మరో పేరును ఒంటరిని చేస్తాం, లెక్క మారదు. చివరి సందర్భమే ఆలోచించవలసినది. మన రెండు పేర్లూ పైన వేర్వేరు నోడ్‌లలో వేర్వేరు పేర్లతో కలిసి ఉన్నాయి. ఆ రెండు పై నోడ్‌లూ మన నోడ్ నుంచి రూట్‌కు పోయే ఒకే దారి మీద ఉంటాయి కాబట్టి వాటిలో ఒకటి రెండోదానికి పైన ఉంటుంది. కింది నోడ్‌కు చెందిన పేరు పై నోడ్‌కు కూడా చెందుతుంది. కాబట్టి మన రెండు పేర్లను ఇక్కడ కలిపేసి, వాటి పాత జోడీలు రెండింటినీ ఆ పై నోడ్ దగ్గర కలిపేయవచ్చు. జతల సంఖ్య తగ్గదు, మధ్య నోడ్ ఒకటి ఖాళీ అవుతుంది కూడా. అంటే ప్రతి సందర్భంలోనూ మన పద్ధతి చేసిన జతను ఉత్తమ పరిష్కారంలోకి నష్టం లేకుండా చొప్పించవచ్చు. ఒక నోడ్ దగ్గరికి వచ్చిన పేర్లలో ఏ రెండింటిని తీయాలన్న సందేహం కూడా అవసరం లేదు. ఆ నోడ్ పైన ఉన్న ముగింపులన్నీ వాటికి సమానమే.

నా విద్యార్థులలో కొందరికి ఈ నాలుగో సందర్భం బోర్డు మీద గీసి చూపించేదాకా అంతుపట్టలేదు. తెల్లకాగితం మీద రూట్ పైన ఉండేలా చెట్టు గీసుకుని, నాలుగు పేర్లకు నాలుగు రంగులు వేసి చూస్తే రెండు నిమిషాలలో తెలుస్తుంది.

ప్రోగ్రాంలో ఎక్కువగా దొర్లిన తప్పులు రెండు. ఒక నోడ్ దగ్గర నాలుగు పేర్లు మిగిలితే రెండు జతలూ అక్కడే తీసేయడం మొదటిది. అప్పుడు రెండు జతలు ఒకే ముగింపును పలుకుతాయి, జవాబు ఉండవలసినదానికంటే పెద్దదవుతుంది. రెండోది, పేర్లను ఆకుల దగ్గర మాత్రమే లెక్కించడం. కుప్పం, రామకుప్పం రెండూ జాబితాలో ఉంటే, తిరగేసి చదివినప్పుడు కుప్పం అనే పేరు రామకుప్పం నడిచే దారి మధ్యలోనే పూర్తవుతుంది. అది ఆకు కాదు కాబట్టి లెక్కలో నుంచి జారిపోతుంది. 18 పేర్ల జాబితాలో ఇలాంటి జంట లేకపోవడం వల్ల ఈ తప్పు చాలా ఆలస్యంగా బయటపడింది.

చెట్టు కట్టడం బరువనుకున్నవారు ముగింపుల పట్టికతో కూడా ఇదే పని చేయవచ్చు. పొడవు 50 నుంచి 1 దాకా దిగుతూ, ప్రతి పొడవు దగ్గరా మిగిలిన పేర్లను వాటి ముగింపును బట్టి గుంపులు చేసి, కనీసం రెండు పేర్లు ఉన్న ప్రతి గుంపు నుంచి ఒక జతను తీసేయాలి. 1000 మాటలకు మొత్తం ముగింపులు 50,000 దాటవు కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ మీద ఇది కన్నుమూసి తెరిచేలోగా ముగుస్తుంది. పైథాన్ భాషలో రికర్షన్‌కు, అంటే ఒక ఫంక్షన్ తననే తాను పిలుచుకోవడానికి, అలవాటుగా ఉండే 1000 లోతు హద్దు కూడా ఇక్కడ అడ్డురాదు.

అక్షరం అంటే ఏమిటి

ఇంతవరకు చెప్పినది ఇంగ్లీషు పెద్దక్షరాలకైతే చాలు. మా ఊర్ల పేర్లకు వచ్చేసరికి అసలు శ్రమ ఇక్కడి నుంచి మొదలైంది.

ఒక విద్యార్థి సీ ప్లస్ ప్లస్ భాషలో, కంప్యూటర్ నిల్వలోని చిన్న తునకలైన బైట్లను తిరగేసి చెట్టు కట్టాడు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. చిత్తూరు అనే పేరు 24 బైట్లు. చివరనున్న కొమ్ము గుర్తు ఒక్కటే మూడు బైట్లు కాబట్టి ఒకటి, రెండు, మూడు బైట్ల మూడు వేర్వేరు ముగింపులుగా లెక్కకు వచ్చి మూడు జతలకు చోటిచ్చింది. ఆ ముగింపులలో మొదటి రెండూ ఏ అక్షరమూ కాదు. ఇది స్పష్టమైన తప్పు కాబట్టి వెంటనే వదిలేశాం.

పైథాన్‌లో స్ట్రింగ్, అంటే రాసిన మాట, కోడ్ పాయింట్ల (ఒక్కో గుర్తుకు ఒక్కో సంఖ్య) వరుస కాబట్టి అక్కడ చిత్తూరు పొడవు 8: చ, గుడి, త, పొల్లు, త, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. ఈ వరుసలను తిరగేసి పద్ధతిని నడిపితే 18 పేర్లకు 18 జతకట్టాయి. సంతోషించవలసిన ఫలితమే, కానీ జతలను చదివితే అనుమానం వచ్చింది. తొట్టంబేడు, పెనుమూరు ఒక జతగా వచ్చాయి. వాటి ఉమ్మడి ముగింపు ఒక్క కొమ్ము మాత్రమే. కొమ్ముతో ముగిసే తెలుగు మాటలకు లెక్కేముంది! దాన్ని ప్రాస అని పిల్లల చేత పలికించలేం. ఇంకొక వింత కూడా కనిపించింది. నాయుడుపేట, సూళ్లూరుపేట ‘ఉపేట’ దగ్గర కలిసినట్టు వచ్చింది, అది నిజమే. కానీ మదనపల్లె, తంబళ్లపల్లె చెవికి ‘అపల్లె’ దగ్గర కలుస్తున్నా ప్రోగ్రాం వాటిని ‘పల్లె’ దగ్గర మాత్రమే కలిపింది. ఉకారానికి కొమ్ము అనే గుర్తు ఉంది, అకారం మాత్రం హల్లులోనే కలిసిపోయి విడి గుర్తు లేకుండా ఉంటుంది. ఒకే రకమైన కలయికను ఒక చోట చూసి మరో చోట చూడని కొలత నమ్మదగినది కాదు.

సరే, ఒత్తులు గుణింతాలతో సహా మొత్తం అక్షరాన్నే ఒక ముక్కగా తీసుకుందామని చూశాం. అన్ని లిపుల గుర్తులకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో, 15.1 నుంచి, అంటే 2023 నుంచి, అక్షర సమూహాలను విడగొట్టే నియమాలలో తెలుగు సంయుక్తాక్షరాలను విడిపోకుండా ఉంచే నియమం చేరింది. అంతకుముందు నియమాల ప్రకారం ‘త్తూ’ రెండుగా విడిపోయేది. కొత్త నియమం ప్రకారం చిత్తూరు మూడు అక్షరాలు: చి, త్తూ, రు. ఈ కొలతతో 18లో 14 పేర్లకే జత దొరికింది. పుంగనూరులో ‘నూ’, గూడూరులో ‘డూ’ వేర్వేరు అక్షరాలు కాబట్టి వాటి మధ్య ‘ఊరు’ అనే ఉమ్మడి ముగింపు కనిపించకుండా పోయింది. ‘ఊరు’ అన్న మాట కనబడని కొలతతో ఊర్ల పేర్లను కొలవడం నాకు మనసొప్పలేదు.

ఈ చిక్కును విడదీసినది నేను కాదు, ఉపాధ్యాయురాలు. కాగితం మీద ‘తూరు’, ‘త్తూరు’ రెండింటినీ విడివిడి ముగింపులుగా రాసి చూపించినప్పుడు ఆమె వెంటనే అభ్యంతరం చెప్పారు: “‘త్తూరు’ నుంచి ఒక తకారం తీసేసి ‘తూరు’ అంటే పిలకాయలకు అది వినబడదు సార్. పద్యంలో కూడా ద్విత్వానికి ద్విత్వమే ప్రాస కదా?” పద్యపు ప్రాసలో రెండో అక్షరంలోని హల్లు కలవాలి, అచ్చు మారినా చెల్లుతుంది; ఆ హల్లు ద్విత్వమైతే ద్విత్వమే, సంయుక్తమైతే అదే సంయుక్తమే రావాలి; దాని ముందు సున్న ఉంటే అన్ని పాదాలలోనూ సున్న ఉండాలి. మనకు కావలసినది పాదాదిలోని ప్రాస కాదు, మాట చివరి ప్రాస. అయినా ఏది విడదీయవచ్చు, ఏది విడదీయకూడదు అన్న నిర్ణయం అందులో సిద్ధంగా ఉంది. హల్లును అచ్చు నుంచి విడదీయవచ్చు. హల్లుల గుంపును విడదీయకూడదు. సున్నను దాని ముందున్న అచ్చు నుంచి విడదీయకూడదు.

ఈ మూడు నియమాలతో ప్రతి పేరునూ ముక్కలుగా మార్చే చిన్న భాగాన్ని రాశాం. కోడ్ పాయింట్లను ముందు నుంచి చదువుతూ, హల్లు తర్వాత పొల్లు వస్తే తర్వాతి హల్లును అదే గుంపులో కలపాలి. గుణింతపు గుర్తు వస్తే గుంపును ముగించి అచ్చును విడి ముక్కగా పెట్టాలి. ఏ గుర్తూ రాకపోతే దాగి ఉన్న అకారాన్ని బయటికి తీసి పెట్టాలి. సున్న వస్తే చివరి అచ్చుకు అతికించాలి. చిత్తూరు ఇప్పుడు చ్, ఇ, త్త్, ఊ, ర్, ఉ అనే ఆరు ముక్కలు. కుప్పం క్, ఉ, ప్ప్, అం అనే నాలుగు ముక్కలు. ముగింపులో కనీసం ఒక హల్లు, ఒక అచ్చు ఉండాలన్న నియమాన్ని కూడా చేర్చాం. హల్లులు, అచ్చులు ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి కాబట్టి చెట్టులో రూట్ దగ్గర, దాని కింది మొదటి వరుసలో జతలు తీయవద్దు అని చెబితే చాలు. చెట్టు నడిచే పద్ధతిలో ఇంకేమీ మార్చలేదు. పైన ఇచ్చిన నిరూపణ ముక్క ఏదైనా అలాగే చెల్లుతుంది.

ఫలితం 16. మిగిలిపోయినవి రెండు పేర్లు: ‘రు’ గుంపులో ఒకటి, ‘డు’ గుంపులో ఒకటి. ప్రతి జతనూ ఉపాధ్యాయురాలు పైకి చదివి సరే అన్నారు.

డేటాను శుభ్రం చేయడం గురించి ఒక్క మాట. ఐత్వపు గుర్తును యూనికోడ్‌లో ఒకే గుర్తుగా గానీ, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండుగా గానీ రాయవచ్చు. కంటికి రెండూ ఒక్కటే, ప్రోగ్రాంకు కాదు. కాబట్టి ముందుగా ఇలాంటి రాతలను ఒకటి చేసే ఎన్ఎఫ్‌సీ రూపానికి మార్చాలి. పొల్లు తర్వాత ఒత్తు ఏర్పడకుండా ఆపే కనబడని గుర్తు మాట చివర మిగిలి ఉంటే తీసేయాలి. ళ్ల, ళ్ళ అనే రెండు రాతలను ఒకటి చేయాలి. సూళ్లూరుపేటను రెండు విధాలా రాసేవారు ఉన్నారు. పాలెం, పాళెం మాత్రం కలపలేదు, ఎందుకంటే పలికేటప్పుడు అవి నిజంగా వేరు.

పద్ధతిని సరిచూడడానికి అన్ని జతలనూ ప్రయత్నించే మొరటు ప్రోగ్రాం ఒకటి పక్కన పెట్టుకున్నాం. ఆరు పేర్లను జతలుగానూ ఒంటరిగానూ విడదీయడానికి ఉన్న మార్గాలు 76, పది పేర్లకు 9,496. ప్రతి మార్గంలోనూ జతలకు వేర్వేరు ముగింపులు పంచగలమో లేదో చూడాలి. రెండే అక్షరాలతో అల్లిన పొట్టి మాటలను యాదృచ్ఛికంగా పుట్టించి రెండు ప్రోగ్రాంల జవాబులనూ పోల్చాం. అక్షరాలు తక్కువైతే ముగింపులు ఎక్కువగా కలుస్తాయి కాబట్టి తప్పులు త్వరగా బయటపడతాయి. రెండు జతలు ఒకే నోడ్ దగ్గర తీసే తప్పూ, ఆకుల లెక్క తప్పూ కొద్దిసేపట్లోనే పట్టుబడ్డాయి.

ఇక ఆమె తరగతిలో పిల్లలు 20 మంది. ఎవరూ ఒంటరిగా మిగలకూడదు. రెండు పేర్లు చేర్చాలి. ‘రు’ గుంపులో ఒకటి మిగిలింది కదా అని ముందుగా ఆమె నెల్లూరు చేర్చారు. 19 పేర్లయ్యాయి, జతకట్టినవి మాత్రం 16 దగ్గరే ఉన్నాయి. ఆమెకు ఆశ్చర్యమేసింది. చెట్టు గీసి చూపించాను: ‘రు’, ‘ఊరు’, ‘త్తూరు’ అనే మూడు ముగింపులూ అప్పటికే వాడుకలో ఉన్నాయి, నెల్లూరు వచ్చినా దానికి పలకడానికి కొత్త ముగింపు లేదు. కొరత పేర్లది కాదు, ముగింపులది. అప్పుడు ఆమె కొద్దిసేపు ఆలోచించి, నెల్లూరు కొట్టేసి పీలేరు రాశారు. పీలేరు, పలమనేరు ‘ఏరు’ దగ్గర కలిసిపోయాయి. ‘ఊరు’ల ఆరూ తమ మూడు ముగింపులనూ తామే వాడుకున్నాయి. ‘డు’ గుంపుకు శ్రీకాళహస్తి దగ్గరి తొండమనాడు చేర్చారు. ఏర్పేడు, సత్యవేడు ‘ఏడు’ దగ్గర, తొట్టంబేడు, తొండమనాడు ‘డు’ దగ్గర కలిశాయి. ప్రోగ్రాంను మళ్లీ నడిపితే 20కి 20 వచ్చింది. ఆమె అట్టముక్కలు కత్తిరించడానికి కత్తెర అడిగారు.